చెడిపోయిన ఫోటోలు తీసుకురండి

తెనాలిలో ఒక పాత ఫోటో స్టూడియో ఉండేది. దాని యజమాని ఏ బళ్లోనూ పాఠాలు చెప్పలేదు గానీ ఊళ్లో అందరికీ ఆయన మాస్టారే. రీలు కెమెరాల రోజుల నుంచి పెళ్లిళ్లు, పద్యనాటకాలు, బడి గ్రూపు ఫోటోలు తీశాడు. ఎర్రదీపం కింద కాగితాలు కడిగి ఆరేశాడు. కలర్ ల్యాబులు వచ్చాక చీకటి గది కాస్తా సామాన్ల గదైంది. ఫోన్లలోకి కెమెరాలు వచ్చాక స్టూడియోకి పాస్‌పోర్టు ఫోటోలు, లామినేషన్లు మిగిలాయి. అయినా ఊళ్లో ఎవరికి మంచి కెమెరా కొనాలని బుద్ధి పుట్టినా ముందు ఆ మెట్లే ఎక్కేవారు. ఆయన కెమెరాలు అమ్మడు కాబట్టి ఆయన మాట మీద గురి.

ఒక ఏడు సంక్రాంతికి ముందు, వారం తిరక్కుండా ముగ్గురు ఆయన దగ్గరికి వచ్చారు.

మొదటివాడు బ్యాంకు గుమాస్తా. ఆదివారం తెల్లారగట్ల బండేసుకుని ఉప్పలపాడు చెరువు గట్టుకు పోవడం అతనికి అలవాటు. గుంటూరు దగ్గర ఆ ఊరి చెరువులో చెట్ల నిండా గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు పెడతాయి. రెండో మనిషి ప్రభుత్వ బడిలో తెలుగు టీచరు. ఏటా వార్షికోత్సవానికి పిల్లల చేత పద్యనాటకం వేయిస్తుంది. మూడోవాడు హైదరాబాదులో కొత్తగా సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరిన కుర్రాడు, పండక్కి ఊరొచ్చాడు. ముగ్గురూ దాచుకున్న డబ్బు ఇంచుమించు ఒకటే. అడిగిన మాటా ఒకటే: "మొదటిసారి డీఎస్ఎల్ఆర్ కొంటున్నాను మాస్టారూ. ఏది కొనమంటారు?"

ఆయన ముగ్గురికీ ఒకే జవాబిచ్చాడు. "మీ ఫోన్లో చెడిపోయిన ఫోటోలు ఉంటాయి కదా, వాటిని ఒక నెల పాటు పోగేసి తీసుకురండి. బాగా వచ్చినవి నాకు చూపించక్కర్లేదు."

గుమాస్తా సరేనన్నాడు. టీచరమ్మ నోట్‌బుక్‌లో రాసుకుంది. కుర్రాడు మాత్రం, "చెడినవి నేను ఎప్పటికప్పుడు డిలీట్ చేసేస్తా మాస్టారూ, ఒక్కటి కూడా ఉండదు" అన్నాడు.

"అయితే ఈ నెల మాత్రం చెరపకు, నాయనా."

నెల తిరిగాక ముందుగా గుమాస్తా వచ్చాడు. అతను తెచ్చినవన్నీ ఒకే తీరున చెడిపోయాయి. చెరువు మధ్య చెట్టు, కొమ్మల మీద తెల్లటి చుక్కలు. ఆ చుక్కలే గూడబాతులు. వేళ్లతో సాగదీసి తీసినవాటిలో పక్షి పెద్దదైంది గానీ, తడిసిన ముగ్గులా అలుక్కుపోయింది.

మాస్టారు కళ్లజోడు సవరించుకుని చాలాసేపు చూశాడు. "ఇందులో నీ తప్పేం లేదు బాబూ. ఇంత దూరానికి జూమ్ చేస్తే ఫోను కొత్తగా చూసేదేమీ ఉండదు. ఉన్న బొమ్మలో మధ్య ముక్క కోసి పెద్దది చేసి ఇస్తుంది. నీకు కావలసింది దూరాన్ని గాజుతోనే దగ్గరికి లాగే లెన్సు. కెమెరాతో పాటు పెట్టెలో వచ్చే 18-55 లెన్సు నీ పనికి చాలదు. 300 ఎంఎం దాకా వెళ్లేది ఒకటి కొను. నీ డబ్బులో సగానికి పైన దానికే పెట్టు. బాడీ పాతదైనా ఫర్వాలేదు, ఎవరైనా వాడి అమ్మేది చూడు."

గుమాస్తాకి ఆశ్చర్యం. "బాడీ కంటే లెన్సుకి ఎక్కువ పెట్టాలా మాస్టారూ?"

"పక్షిని చూసేది లెన్సేగా. అదీ, చెయ్యి వణుకుని సర్దుకునే ఏర్పాటున్న లెన్సు కావాలి. 300 దగ్గర పక్షి ఎంత పెద్దగా కనపడుతుందో నీ చేతి వణుకూ అంత పెద్దగా కనపడుతుంది. ఎగిరే పక్షికి మాత్రం ఆ ఏర్పాటు సాయపడదు. దాన్ని ఆపాలంటే షట్టరు సెకనులో వెయ్యో వంతులో మూసుకోవాలి. అందుకని ఎండ కాస్త ఎక్కేదాకా కూర్చున్న పక్షుల్ని తీసుకో, వెలుగొచ్చాక ఎగిరేవాటి సంగతి చూద్దువు గాని."

గుమాస్తా రెండేళ్లు వాడిన నికాన్ డీ3200 బాడీ ఒకటి వెతికి పట్టుకున్నాడు. దానికి ఫోకస్ తిప్పే మోటారు, వణుకు సర్దే వీఆర్ రెండూ ఉన్న 70-300 లెన్సు కొన్నాడు. బాడీ కొత్తది కాదని బంధువులు నొచ్చుకున్నారు. గూడబాతు సంచిలాంటి దవడలోంచి పిల్లకి మేత అందిస్తున్న ఫోటో చూశాక ఆ మాట మళ్లీ రాలేదు.

టీచరమ్మ తెచ్చిన ఫోటోలు వేరే కథ చెప్పాయి. అన్నీ నాటకం రిహార్సల్సువే. రెండు ట్యూబులైట్ల వెలుగులో బడి హాలు. భీముడి వేషం కట్టిన పిల్లాడు గద ఎత్తిన చోటల్లా పిల్లాడూ గదా కలిసి ఒక మసక చారలా మిగిలాయి. ఫ్లాష్ వేసి తీసినవాటిలో దగ్గరున్న ముఖం సున్నం కొట్టినట్టయింది, వెనకాల తెర నల్లబడింది.

"నా చెయ్యి వణుకుతోంది మాస్టారూ. వణుకు ఆపే లెన్సు ఏదో ఉందటగా, అది తీసుకోనా?"

మాస్టారు ఒక ఫోటోని పెద్దది చేసి వెనక గోడ మీదున్న గడియారాన్ని చూపించాడు. "ఇటు చూడమ్మా. గడియారంలో అంకెలు ఎంత స్పష్టంగా ఉన్నాయో! నీ చెయ్యి వణికితే ఇవీ చెదరాలి కదా. చెయ్యి కదల్లేదు, కదిలింది పిల్లాడు. వణుకు ఆపే లెన్సు నీ చేతినే ఆపుతుంది, భీముణ్ని ఆపలేదు."

ఆ తర్వాత ఒక కాగితం తీసుకుని లెక్క వేసి చూపించాడు. పెట్టెలో వచ్చే లెన్సు 55 ఎంఎం దగ్గర ఎంత తెరిచినా అపెర్చర్ 5.6 దాటి తెరుచుకోదు. అదే 50 ఎంఎం 1.8 లెన్సయితే దానికి దాదాపు పది రెట్లు వెలుగు లోపలికి తెస్తుంది. అక్కడ సెకనులో ఇరవయ్యో వంతు తెరిచి ఉంచాల్సిన షట్టరు ఇక్కడ రెండొందలో వంతుకే పని ముగిస్తుంది. గద ఎత్తిన చెయ్యి గాల్లో నిలబడిపోతుంది. పైగా నికాన్‌లోనైనా కెనాన్‌లోనైనా చవగ్గా దొరికే లెన్సుల్లో అదొకటి.

"దీనికి జూమ్ ఉండదమ్మా. దగ్గరగా కావాలంటే నువ్వే నడిచి వెళ్లాలి. అది నీకు కష్టం కాదు, స్టేజీ ముందు ఎక్కడైనా నిలబడే హక్కున్నది నీ ఒక్కదానికే. ఇంకొక్క జాగ్రత్త. పూర్తిగా తెరిచి తీస్తే కన్ను పదునుగా ఉండి చెవి మెత్తబడుతుంది. అంత పలచగా ఉంటుంది ఫోకస్. రిహార్సల్సులోనే అలవాటు చేసుకో. కుదిరినప్పుడల్లా 2.8 దాకా మూసి తియ్యి. నాటకం అయ్యాక అందరూ వరసగా నిలబడతారు చూడు, అప్పుడు పెట్టెలో వచ్చిన లెన్సు తగిలించుకో."

ఆమె కెనాన్‌లో అన్నిటికంటే చిన్న డీఎస్ఎల్ఆర్‌ని దాని కిట్ లెన్సుతో సహా తీసుకుంది, పక్కన ఆ 50 ఎంఎం పెట్టుకుంది. మిగిలిన డబ్బుతో బడి హాలుకి మరో రెండు లైట్లు వేయించింది. ఈ సంగతి తెలిసి మాస్టారు పొంగిపోయాడు. లైట్లు తను చెప్పాల్సిన మాట, చెప్పకుండానే ఆమెకి తట్టింది.

కుర్రాడు మాత్రం నెల ఆగలేకపోయాడు. పండగ ఆఫర్లు అయిపోతాయన్నారు. హైదరాబాదు వెళ్లి ఒక దుకాణంలో కాంబో ప్యాకు తీసుకున్నాడు. నికాన్ డీ3300 బాడీ, 18-55, దాంతో పాటు తక్కువ ధరకే 70-300 లెన్సు, బ్యాగు, ట్రైపాడ్, రెండు యూవీ ఫిల్టర్లు, ఫ్లాష్, మెమరీ కార్డు, శుభ్రం చేసుకునే బ్రష్షులు. కౌంటరు నిండిపోయింది. ఇంత సామాను ఇంత ధరకా అని ఆ రాత్రి అతనికి నిద్ర పట్టలేదు.

ఆ ఆదివారం పెద్ద లెన్సు తగిలించి బటన్ నొక్కితే ఫోకస్ కదల్లేదు. లెన్సు పాడయిందనుకుని దుకాణానికి పరిగెత్తాడు. పాడవలేదు. ఆ లెన్సులో మోటారు లేదు, బాడీలోని మోటారు దాన్ని తిప్పాలి. అతను కొన్న బాడీలో ఆ మోటారే ఉండదు. దేనికది మంచిదే, కలిపితే చేత్తో తిప్పుకోవాల్సిందే. ట్యాంక్‌బండ్ మీద రాత్రి దీపాలు తీస్తే ఆకాశంలో లేని దీపాలు తలకిందులుగా తేలాయి. అవి చవక ఫిల్టరు గాజు నుంచి వచ్చిన ప్రతిబింబాలు. ట్రైపాడ్‌ని పూర్తిగా పైకి లేపితే చిన్న గాలికే ఊగింది. అతని ఉత్సాహం అబద్ధం కాదు, తీయాలన్న ఆశ నిజమే. కానీ తీసిన ప్రతిసారీ ఏదో ఒకటి అడ్డుపడుతుంటే బ్యాగు బీరువా మీదికి చేరింది. వానాకాలమంతా అక్కడే ఉండిపోయింది.

దసరాకి బ్యాగుతో సహా స్టూడియో మెట్లెక్కాడు. మాస్టారు పెద్ద లెన్సు వెనక టార్చి పెట్టి చూస్తే లోపల గాజు మీద సన్నటి దారాలు అల్లుకుని ఉన్నాయి. ఫంగస్. ఆయన ఒక్క మాట కూడా దెప్పలేదు. "ఫోను ఇలా ఇవ్వు, నాయనా" అన్నాడు.

ఈసారి కుర్రాడు చెడినవి చెరపలేదు. ఆ చెడినవాటిలో సగానికి పైగా అతని నాయనమ్మ ఫోటోలు. చెయ్యి చాపినంత దూరంలోంచి తీశాడు. ముక్కు పెద్దదై, చెవులు వెనక్కి పోయి, ఆమె ఆమెలా లేదు. వెనకాల ఫ్రిజ్జు, కేబుల్ వైర్లు.

"నువ్వు పక్షులూ తీయవు, నాటకాలూ తీయవు. నీకు మనుషుల ముఖాలంటే ఇష్టం. ఆ సంగతి జనవరిలో నీకూ తెలీదు, నాకూ తెలీదు. ఏ ముఖాన్నైనా ఇంత దగ్గర్నుంచి తీస్తే ముక్కే ముందుకొస్తుంది. పెట్టెలో వచ్చిన చిన్న లెన్సుని 55 దగ్గర పెట్టు. నాలుగడుగులు వెనక్కి జరుగు. నాయనమ్మని కిటికీ పక్కన కూర్చోబెట్టు, ఆవిడకీ వెనక గోడకీ మధ్య ఎంత ఖాళీ దొరికితే అంత ఉంచు. ఫ్లాష్ తీసి పక్కన పెట్టు, ఫిల్టరు విప్పెయ్యి."

"ఇప్పుడేం కొనమంటారు మాస్టారూ?"

"ఏమీ కొనకు. ఏడాది ఇలాగే తియ్యి. సాయంత్రం వెలుగు చాలట్లేదని నీ ఫోటోలే చెప్పిన రోజున టీచరమ్మ దగ్గరున్నలాంటి 50 ఎంఎం కొందువు గాని. మోటారున్నది చూసుకుని."

విజయదశమి నాటి ఫోటోలో నాయనమ్మ ముఖం మీద కిటికీ వెలుగు పడి, ముడతలన్నీ కనపడుతున్నాయి. అచ్చంగా ఆవిడే. దాన్ని ప్రింటు వేయించి తీసుకెళ్లి మాస్టారికి చూపించాడు. కాంబోలో సగం సామాను ఇప్పటికీ వాడలేదు.

నీతి

కెమెరాని మనం తీసిన మంచి ఫోటోలను బట్టి కాదు, తీయలేకపోయిన ఫోటోలను బట్టి ఎంచుకోవాలి. మంచి ఫోటో తీయగలిగిన చోట చేతిలో ఉన్న పరికరం చాలింది. చాలని చోటేదో చెడిపోయిన ఫోటో చెబుతుంది. కొత్తగా ఈ సరదాలోకి వచ్చేవారు "ఏ కెమెరా మంచిది" అని మొదలుపెట్టి, నికానా కెనానా అనే వాదంలో నెలలు గడిపేస్తారు. ఆ ముగ్గురి దగ్గరున్న డబ్బు ఒకటే. వాళ్ల ముగ్గురికీ కలిపి ఒక మంచి కెమెరా చెప్పమంటే ఎవరూ చెప్పలేరు.

చెడినవాటిని చదవడం కష్టమేమీ కాదు, మాస్టారు గడియారాన్ని చూసినట్టు చూస్తే చాలు. ఫోటో మొత్తం ఒకే వైపు చెదిరితే చెయ్యి కదిలింది, స్టెబిలైజేషన్ ఉన్న లెన్సు సాయపడుతుంది. మనిషి మాత్రమే చెదిరితే వెలుగు చాలలేదు, పెద్ద అపెర్చర్ కావాలి. మధ్యాహ్నం ఎండలో తెల్లచీర మీద అంచూ మడతా ఏమీ మిగలకుండా, పక్కన మామిడి నీడంతా నలుపైపోతుంటే అది చిన్న సెన్సారు బలహీనత. పెద్ద సెన్సారున్న ఏ డీఎస్ఎల్ఆర్ అయినా ఆ పని మెరుగ్గా చేస్తుంది, కెమెరా దిద్దకుండా దాచే రా ఫైలుగా తీసుకుంటే ఇంకా మెరుగు. ఇక తలలు తెగినవి, వంకరపోయినవి, వెనకాల స్తంభం నెత్తి మీంచి మొలిచినవి ఉంటాయే, అవే ఎక్కువైతే నా మాట విని అప్పుడే ఏ కెమెరా కొనకండి. వాటికి మందు దుకాణంలో దొరకదు. ఇంకో ఆరు నెలలు ఫోనుతోనే తీయండి.

లెన్సు ముందు, బాడీ తర్వాత అన్న వరస గుమాస్తా కథతో తేలింది. బాడీలు ఏడాదికో రకం వచ్చి పాతబడిపోతాయి, మంచి లెన్సు బాడీలు మారినా మనతోనే ఉంటుంది. లెన్సుని బాడీకి బిగించే అమరికని మౌంటు అంటారు. నికాన్ ఎఫ్ మౌంటు 1959లో వచ్చింది, కెనాన్ ఈఎఫ్ మౌంటు 1987లో. అంటే ఇవాళ సెకండ్‌హ్యాండ్‌లో ఈ రెంటికీ కొన్ని దశాబ్దాల లెన్సులు దొరుకుతాయి. ఆ సంపదలోనే కుర్రాడు పడ్డ గొయ్యి కూడా ఉంది. నికాన్‌లో డీ3000, డీ5000 వరసల బాడీల్లో ఫోకస్ మోటారు ఉండదు. వాటికి ఏఎఫ్-ఎస్ లేదా ఏఎఫ్-పీ అని రాసున్న లెన్సులు కొనాలి. ఉత్త ఏఎఫ్ అని ఉంటే దానిలో మోటారు లేనట్టు. డీ90, డీ7000 లాంటి పై తరగతి బాడీల్లో మోటారు ఉంటుంది కాబట్టి అవి పాతవాటినీ నడిపిస్తాయి. ఏఎఫ్-పీ లెన్సులకు మళ్లీ వేరే చిక్కు, కొన్ని పాత బాడీలతో అవి సరిగ్గా పనిచేయవు. కెనాన్ ఈఎఫ్ లెన్సుల్లో మోటారు మొదటి నుంచీ లెన్సులోనే ఉంది. అక్కడ చూసుకోవాల్సింది ఈఎఫ్-ఎస్ లెన్సులు ఇంకా పెద్ద సెన్సారుండే ఫుల్‌ఫ్రేమ్ బాడీలకు పట్టవన్న సంగతి. కొనే ముందు బాడీ పేరూ లెన్సు పూర్తి పేరూ, అక్షరాలతో సహా, కాగితం మీద రాసుకుని సరిచూసుకోండి.

మెగాపిక్సెళ్ల గురించి పెద్దగా ఆలోచించకండి. 24 మెగాపిక్సెళ్ల ఫోటో అంటే 6000 అడ్డం, 4000 నిలువు. మన పెళ్లి ఆల్బముల్లో వేసే 12×18 సైజుకి అది చాలడమే కాదు, మిగులుతుంది కూడా.

మరి ఇప్పుడు డీఎస్ఎల్ఆర్ కొనవచ్చా? 2018లో నికాన్ జెడ్, కెనాన్ ఆర్ఎఫ్ మౌంట్లు వచ్చాక రెండు కంపెనీలూ లోపల అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాల వైపు నడిచాయి. అదే ఏడు వచ్చిన డీ3500తో నికాన్‌లో ఆ చిన్న కెమెరాల వరస ఆగిపోయింది. డబ్బుకు ఇబ్బంది లేనివారు, ముఖ్యంగా ఎగిరే పక్షుల వెంట పడేవారు మిర్రర్‌లెస్ తీసుకోవడమే మంచిది. పక్షి కన్నుని తనే వెతికి పట్టుకునే ఫోకస్ పాతవాటిలో లేదు. కానీ చిన్న జీతంతో సరదా మొదలుపెట్టేవారికి సెకండ్‌హ్యాండ్ డీఎస్ఎల్ఆర్ కంటే మంచి బేరం కనపడదు. అందరూ వదిలించుకుంటున్నారు కాబట్టి ధర దిగింది, ఫోటో నాణ్యత మాత్రం ఎక్కడికీ పోలేదు. డీ3500 ఒక్క చార్జింగుతో 1550 ఫోటోలు తీస్తుందని కంపెనీ లెక్క. రోజంతా చెరువు గట్టున కూర్చునేవారికి అది చిన్న విషయం కాదు.

ఇక పక్క సామాను. లెన్సు హుడ్ తప్పనిసరి. అది ఎండ అడ్డంగా పడకుండా చూస్తుంది, కింద పడితే దెబ్బ కూడా ముందు తనే తింటుంది. యూవీ ఫిల్టరు రీలు కాలం అవసరం. డిజిటల్ సెన్సారు ముందున్న గాజే ఆ పని చాలావరకు చేస్తుంది. సముద్రపు జల్లు, ఇసుక ఉన్నచోట లెన్సుకి కాపలాగా మంచిదొకటి వాడవచ్చు, చవకది వద్దు. ఒక పెద్ద కార్డు బదులు మధ్యరకంవి రెండు కొనండి, ఒకటి పోయినా ఊరు పోయి తెచ్చుకున్న ఫోటోలన్నీ పోవు. రబ్బరు బ్లోయరు, అదనంగా ఒక కంపెనీ బ్యాటరీ తీసుకోండి. ట్రైపాడ్ కావలసింది రాత్రి దృశ్యాలకీ నీటి ప్రవాహాలకీ. అవి మీ చెడిన ఫోటోల్లో కనపడేదాకా ఆగండి. కొన్ననాడు మాత్రం బరువైనదే కొనండి.

ఫంగస్ గురించి ఎవరూ ముందుగా చెప్పరు. మన కోస్తాలో ఉన్నవారు లెన్సు ధరతో పాటే దాన్ని దాచే పెట్టె ధరనూ లెక్క వేసుకోవాలి. గాలిలో తేమ 60 శాతం దాటి ఎక్కువకాలం ఉంటే, పైగా చీకట్లో గాలాడకపోతే లెన్సు లోపల బూజు మొలుస్తుంది. అది గాజు మీది పూతని తినేస్తుంది. ముదిరితే శుభ్రం చేయించే ఖర్చు చిన్న లెన్సు ధరని మించిపోవచ్చు. కెమెరా బ్యాగు మోసుకెళ్లడానికే, దాచడానికి కాదు. గుడ్డా స్పాంజీ తేమని పట్టి ఉంచుతాయి. ప్లాస్టిక్ సామాన్ల దుకాణంలో రబ్బరు అంచున్న, గాలి చొరని డబ్బా ఒకటి కొనండి. అందులో సిలికా జెల్ పొట్లాలు, తేమ చూపించే చిన్న మీటరు వేయండి. ముల్లు 40, 50 శాతం మధ్య ఉంటే చాలు. నీలం రంగు గుళికలు తేమ పీల్చుకుని గులాబీ రంగుకి తిరుగుతాయి, వేడి చేస్తే మళ్లీ నీలమవుతాయి. ఆ రంగు కోసం కలిపే కోబాల్ట్ రసాయనం మంచిది కాదు, వంట గిన్నెల్లో వేడి చేయకండి, పిల్లలకి అందనివ్వకండి. డబ్బు చేరాక విద్యుత్తుతో నడిచే డ్రై క్యాబినెట్ కొనుక్కోవచ్చు. వీటన్నిటితో పాటు వారానికోసారి కెమెరాని బయటికి తీసి వాడటం లెన్సుకి చాలా మేలు.

సెకండ్‌హ్యాండ్‌లో కొనేటప్పుడు పగటిపూట వెళ్లండి. మీ సొంత మెమరీ కార్డు, ఒక చిన్న టార్చి పట్టుకెళ్లండి. టార్చిని లెన్సు వెనక నుంచి వేసి దారాలూ మసకా ఉన్నాయేమో చూడండి. అపెర్చర్ 16 దగ్గర పెట్టి, ఫోకస్ చెదరగొట్టి, ఖాళీ ఆకాశాన్ని తీయండి. సెన్సారు మీది మచ్చలన్నీ నల్లచుక్కలై బయటపడతాయి. దుమ్ము మచ్చలు తుడిస్తే పోతాయి, గీతలు పోవు. దగ్గరి అక్షరాల మీదా, రోడ్డవతలి బోర్డు మీదా ఫోకస్ దానంతట అదే వచ్చి ఆగుతోందా చూడండి. షట్టరు ఎన్నిసార్లు కొట్టిందో నికాన్ ఫోటో ఫైలులోనే రాసి ఉంటుంది. తీసిన ఒక ఫోటోని ఇంటికి తెచ్చుకుని కంప్యూటర్లో చూస్తే ఆ అంకె తెలుస్తుంది. డీ3300 లాంటి చిన్న బాడీల షట్టరుని లక్ష సార్లకు పరీక్షించామని కంపెనీ చెబుతుంది. ఇరవై ముప్పై వేల దగ్గరున్నదైతే సరదాగా తీసుకునేవారికి ఏళ్ల తరబడి సరిపోతుంది. అసలు బిల్లు అడగండి, దాని మీది సీరియల్ నంబరు బాడీ అడుగున ఉన్న నంబరుతో కలుస్తుందో లేదో చూడండి.

చివరగా కెమెరాని పావుగంట చేతిలోనే పట్టుకుని ఉండండి. వేళ్లు చిన్నవైనవారికి కొన్ని బాడీలు బరువు, పెద్ద చేతులవారికి మరికొన్నిటి మీద చిటికెన వేలు జారిపోతుంది. కళ్లజోడు ఉన్నవారు వ్యూఫైండర్ పక్కనున్న చిన్న చక్రం తిప్పి, లోపలి అక్షరాలు స్పష్టంగా కనపడేదాకా సరిచేసుకోవాలి. ఇది చేయకుండా ఫోకస్ బాగాలేదని మంచి బాడీలు వదిలేసి వచ్చినవారున్నారు. అమ్మేవారు తొందరపెడితే ఆ రోజుకి ఊరికే తిరిగి రండి. ఇవాళ్టి బజారులో అలాంటి బాడీ వచ్చే వారం కూడా దొరుకుతుంది.